గెమైండె, సంఘం, ఊరుమ్మడి

జర్మను భాషలో ‘గెమైండె’ అని ఒక మాట ఉన్నది. తుంగభద్ర కాలువ ఒడ్డున ఉగాది చేసుకునే మనకు జర్మను మాటతో ఏమి పని అని చదువరులు అడగవచ్చును. పని ఉన్నది. మన సభ్యులలో ఒకరి కుమారుడు పై చదువుకు జర్మనీ వెళ్ళాడు. ఆ దేశంలో ఇల్లు మారిన ప్రతివాడూ ఊరి కచేరీకి పోయి పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఊరిని గెమైండె అన్నారు. అదే కచేరీ కాగితంలో మతం ఏమిటని అడిగే గడి ఉన్నది. క్రైస్తవుడైతే ఏ గెమైండెకు చెందినవాడో దానినిబట్టి తేలుతుంది. ఆదివారం ఉదయం పక్కింటి ముసలమ్మ, గెమైండె వాళ్ళందరం కలిసి కాఫీ తాగుతాము, నువ్వూ రమ్మని పిలిచింది. ఊరూ గెమైండె, గుడీ గెమైండె, కాఫీ తాగేవాళ్ళూ గెమైండె అయితే అసలు ఆ మాటకు అర్థమేమిటని కుర్రవాడు తండ్రికి ఫోను చేశాడు. తండ్రి మమ్మల్ని అడిగారు. ఆయనకు అప్పటికి తోచినంత చెప్పాము. తరువాత తీరిక వేళల్లో చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో పార్సెళ్ళ లెక్క వ్రాసుకునే గుమాస్తాలము. అయితే ఏ స్టేషనులో ఎక్కిన సరుకు ఏ స్టేషనులో దిగిందో చూడడం మాకు అలవాటే గనుక, ఈ మాట ప్రయాణాన్ని కూడా అదే పద్ధతిలో చూశాము.

మాట పుట్టుక తేలికైనదే. ‘గెమైన్’ అంటే పదిమందికీ చెందినది అని అర్థం. లాటిన్‌లో ‘కమ్యూనిస్’ అనే మాటకు ఇది దగ్గర చుట్టం. ఇంగ్లీషువారి కమ్యూనిటీ ఆ లాటిన్ మాటనుంచే వచ్చింది. పదిమందికీ చెందినది గొప్పగా ఉండదని లోకం అభిప్రాయం గదా! అందుచేత ఇదే ‘గెమైన్’ మాటకు కాలక్రమాన నీచమైనది, అల్పమైనది అనే అర్థం కూడా పట్టింది. ఇంగ్లీషులో ‘కామన్’కు పట్టిన గతీ అదే. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘సామాన్యుడు’ అన్నప్పుడు మన పెదవి కొంచెం విరుస్తూనే ఉంటుంది.

తెలుగులో దీనికి సరిపోయే మాట నిఘంటువు తీయకుండానే దొరుకుతుంది: ఉమ్మడి. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి గోడ, ఉమ్మడి బావి. గెమైండె అంటే ఆ ఉమ్మడి గలవారందరూ కలిసిన గుంపు. ఊరంతటికీ చెందిన దానిని మన పెద్దలు ‘ఊరుమ్మడి’ అనేవారు. ఈ మాట ఇప్పుడు వాడుకలో తగ్గిపోయింది. మా దృష్టిలో గెమైండెకు ఇంతకంటె మంచి తెలుగు లేదు.

అచ్చులో మాత్రం తెలుగువారు దానికి ‘సంఘం’ అన్నారు. సంఘం సంస్కృత పదం. దగ్గరగా కూడి గట్టిపడిన సమూహం అని దాని ధాత్వర్థం. ఈ రెంటికీ తేడా ఉన్నది. రాయచూరులో సాయంత్రపు బండి జనరల్ పెట్టె ఎక్కి చూడండి. కాలు పెట్టే సందుండదు. ధాత్వర్థం ప్రకారం అంతకు మించిన సంఘం ప్రపంచంలో లేదు. కాని గెమైండె లేదు. ఆదోని దాటేలోపు ఎవరో ఒక తల్లి పులిహోర పొట్లం విప్పి పక్కవాని పిల్లకు ఇంత పెట్టిందనుకోండి. అప్పుడు గెమైండె మొదలైనట్టు.

ఇక దీని చరిత్ర. క్రైస్తవుల గ్రంథం మొదట గ్రీకు భాషలో ఉన్నది. అందులో విశ్వాసుల సమూహానికి ‘ఎక్లేసియా’ అని పేరు. ఆ మాటను క్రైస్తవులు కొత్తగా కల్పించలేదు. అంతకు పూర్వం ఏథెన్సు వంటి నగరాలలో పౌరులందరూ ఒకచోట చేరి చేతులెత్తి తీర్మానాలు చేసే సభను ఎక్లేసియా అనేవారు. ఆ సభలో స్త్రీలకు చోటు లేదు, బానిసలకు లేదు. పరదేశం నుంచి వచ్చి స్థిరపడినవారిని ‘మెటిక్’లు అనేవారు, వారు ప్రత్యేకంగా పన్ను కట్టాలి, యుద్ధం వస్తే కత్తి పట్టాలి, సభలో మాత్రం కూర్చోరాదు. వలసవచ్చినవారమైన మనం ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మరోవైపు ‘ప్రభువుకు చెందినది’ అనే అర్థం గల వేరొక గ్రీకు మాట నుంచి జర్మనుల ‘కిర్హె’, ఇంగ్లీషువారి ‘చర్చి’ వచ్చాయి. చర్చి అనగానే మనకు మనుషులు తోచరు. గంట గోపురం తోస్తుంది, లేదా పెద్ద ఫాదరీగారు తోస్తారు. మార్టిన్ లూథరుకు ఈ చిక్కే వచ్చింది. 1522లో ఆయన కొత్త నిబంధనను జర్మనులోకి తెచ్చినప్పుడు ఎక్లేసియా అన్నచోట కిర్హె అనకుండా ఆ కాలపు ఉచ్చారణలో ‘గెమైనె’ అని వ్రాశాడు. కిర్హె అనే మాట జనానికి స్పష్టంగా అర్థం కాదని తరువాత కూడా ఒక గ్రంథంలో విసుక్కున్నాడు. మఠం కాదు, కట్టడం కాదు, గురువుల వరుస కాదు, కూడిన మనుషులే అసలైనదని ఆయన అభిప్రాయం.

ఒక మాట మార్చినంతలో ఏమవుతుంది అనుకోరాదు. ఇంగ్లండులో విలియం టిండేలు 1526లో అచ్చు వేసిన కొత్త నిబంధనలో చర్చి అనకుండా ‘కాంగ్రిగేషన్’ అన్నాడు, అంటే కూడినవారు. సర్ థామస్ మోరు అంతటి విద్వాంసుడు ఈ మాట మీద ఆయనతో పుస్తకాలకు పుస్తకాలు పోట్లాడాడు. 1536లో టిండేలుకు మరణదండన విధించారు. అటుతరువాత జేమ్సు రాజు కొత్త అనువాదానికి పండితులను నియమించినప్పుడు వారికిచ్చిన నియమాలలో ఒకటి ఇదే: పాత మతపరమైన మాటలను అలాగే ఉంచాలి, చర్చి అనే మాటను కాంగ్రిగేషన్‌గా మార్చరాదు. 1611లో వెలువడిన ఆ అనువాదమే ఇంగ్లీషు చదివే లోకమంతా వ్యాపించింది. జనం తామే చర్చి అనుకుంటే రాజుగారికి, బిషప్పులకు పని ఏమి ఉంటుంది? రాజుకు ఆ సంగతి బాగా తెలుసు.

లూథరు కాలంలో జరిగిన మరొక ముచ్చటను సంఘాల లెక్కలు చూసేవారు శ్రద్ధగా వినాలి. సాక్సనీ దేశంలో లైస్నిగ్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1523లో ఆ ఊరి గెమైండె తమ గుడి ఆస్తులను, మాన్యాలను, కానుకలను ఒక ఉమ్మడి పెట్టెలో వేసి, గురువు జీతం, బడి ఖర్చు, బీదల పోషణ, కరువు రోజులకు ధాన్యం అందులోనుంచే జరపాలని కట్టుబాటు వ్రాసుకున్నది. దానికి లూథరు పీఠిక వ్రాసి ఇచ్చాడు. పెట్టె చూడడానికి పదిమంది పెద్దలు: ఇద్దరు భూస్వాములు, ఇద్దరు పురపాలకులు, ముగ్గురు పట్టణపు పౌరులు, ముగ్గురు పల్లె రైతులు. పెట్టెకు నాలుగు తాళాలు. ఒక్కొక్క వర్గం చేతిలో ఒక్కొక్క తాళంచెవి. నలుగురూ కలిస్తే తప్ప పెట్టె తెరుచుకోదు! రైతు చేతిలో తాళంచెవి లేకుండా ప్రభువు చేతిలోని తాళంచెవి ఎందుకూ కొరగాదు. మా ఉద్యోగంలో ఇనుప పెట్టెకు రెండు తాళాలు చూశాముగాని, నాలుగు వర్గాలకు నాలుగు తాళాలు అనే ఆలోచన ఎక్కడా చూడలేదు. బోధకుణ్ణి పిలిచే హక్కు, అతని బోధ మంచిదో కాదో తేల్చే హక్కు, తొలగించే హక్కు కూడా గెమైండెదేనని లూథరు ఆ ఏడే ఒక చిన్న పుస్తకం వ్రాశాడు.

వ్రాసినంత తేలికగా అది జరగలేదు. తమ అధీనంలో ఉన్న నిధులను ఉమ్మడి పెట్టెలో వేయడానికి పురపాలకులు మొరాయించారు. కట్టుబాటు చాలావరకు కాగితం మీదనే ఉండిపోయింది. కాగితం మీద ఉండిపోయిన కట్టుబాట్లు మనం ఎరగనివా?

రెండేళ్ళు తిరక్కముందే ఆ మాట రైతుల చేతికి వచ్చింది. 1525లో దక్షిణ జర్మనీ రైతులు మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు కోరికలు వ్రాసి అచ్చు వేశారు. మొదటి కోరిక, తమ గురువును గెమైండె అంతా కలిసి ఎన్నుకోవాలి, తప్పు నడిస్తే తొలగించాలి. ఇంకొకటి, పూర్వం ఊరుమ్మడిగా ఉండి దొరలు ఆక్రమించుకున్న పచ్చికబయళ్ళు, పొలాలు తిరిగి గెమైండెకు ఇవ్వాలి. లూథరు తాను నేర్పిన మాటే వారు పలికితే భయపడ్డాడు. తిరుగుబాటు ముదిరిన మీదట రైతులను నిర్దాక్షిణ్యంగా అణచమని ప్రభువులకు వ్రాశాడు. అణచివేతలో లక్షమంది దాకా చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ మీదట లూథరన్ దేశాలలో గుడి పెత్తనం ఆయా ప్రభువుల చేతికే పోయింది. 1918లో రాజరికాలు కూలేదాకా జర్మనీలో ఆ ఏర్పాటే సాగింది. మాట మాత్రం గ్రంథంలో అలాగే నిలిచి ఉన్నది. లూథరు గొప్పవాడే గాని, ఈ విషయంలో ఆయన మాట ఆయనకంటె గొప్పదని మా అభిప్రాయం.

ఈ మాట తెలుగునాటికి ఎలా వచ్చిందో చూద్దాము. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను ఫాదరీ 1719లో తరంగంబాడికి వచ్చి, తరువాత చెన్నపట్టణం చేరి తెలుగు నేర్చుకున్నాడు. బైబిలును తెలుగు చేశాడు, తెలుగు వ్యాకరణం వ్రాశాడు. అవి అప్పుడు అచ్చుకాలేదు. స్వదేశం వెళ్ళిన తరువాత 1746, 47 ప్రాంతంలో హాలె పట్టణంలో ఆయన చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన భాషలో మొదట అచ్చయిన పుస్తకాలు అవేనని చెబుతారు. తెలుగు అక్షరం మొదట సీసం ఎక్కినది జర్మనీలో అన్నమాట!

తరువాత 1842 జూలై 31వ తేదీన హయ్యరు అనే ఆయన గుంటూరు చేరారు. వీరు జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వలస వెళ్ళి, అక్కడి లూథరన్లు పంపగా వచ్చినవారు. వలస వెళ్ళినవాడు మరల వలస రావడం! 76 ఏళ్ళ వయసులో మూడోసారి ఓడ ఎక్కి 1869లో మళ్ళీ వచ్చి రాజమండ్రి పని చూశారు. రాజమండ్రిలో అంతకుముందు, 1840ల నడుమ, ఉత్తర జర్మనీ సొసైటీవారి ఫాదరీలు పని మొదలుపెట్టారు. 1860ల నడుమ హెర్మన్స్‌బుర్గ్ అనే పల్లెటూరి మిషను నుంచి మరికొందరు జర్మనులు సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకు వచ్చారు. వీరందరికీ తమ భాషలో విశ్వాసుల సమూహం గెమైండె. తెలుగులో అది సంఘం. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1927లో ఏర్పడినది. ఇంగ్లీషులో దాని పేరులో చర్చి అనే ఉన్నా, తెలుగులో మాత్రం సంఘమే. చూడండి చిత్రం: ఇంగ్లీషు రాజు ఒప్పుకోని అర్థాన్ని తెలుగు భాష అడక్కుండానే ఇచ్చేసింది.

రాయచూరులో ఉన్నందుకు మనకు ఇంకొక సదుపాయం ఉన్నది. బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గమూ, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైలుమార్గమూ 1871లో కలిసినది ఈ రాయచూరులోనే. రెండూ బ్రాడుగేజివే గనుక సరుకు ఒక పెట్టెలోనుంచి మరొక పెట్టెలోకి మార్చవలసిన పని లేకపోయింది. మాటలకు అలా కాదు. వాటికి భాష భాషకూ గేజి మారుతుంది. ఒకే ఎక్లేసియాను మన తెలుగు బైబిలు ‘సంఘము’ అంటే, కన్నడ బైబిలు ‘సభె’ అంటుంది. తమిళులు ‘సబై’ అంటారు, మలయాళులు ‘సభ’ అంటారు, మరాఠీవారు ‘మండళి’ అంటారు. మంగళూరులో 1834లో అడుగుపెట్టి ధారవాడ, గదగ దాకా వచ్చిన బాసెల్ మిషనులో ఎక్కువమంది జర్మను భాషవారే. 1894లో అచ్చయిన గొప్ప కన్నడ నిఘంటువు కర్త కిట్టెలు వారిలోనివాడే. కన్నడంలో సభె, మనకు సంఘం. సభ అంటే కూర్చున్నంతసేపు ఉంటుంది, లేస్తే ముగుస్తుంది. సంఘం ఎవరింటికి వారు పోయిన తరువాత కూడా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మన మాటే మేలని మా కన్నడ మిత్రులతో అంటే వారు ఒప్పుకోలేదు. లేచిపోయిన తరువాత మీ సంఘంలో ఎవరు ఎవరిని పలకరించారో చెప్పండి అన్నారు. ఇక మన ఊళ్ళలో ఉర్దూ మాట్లాడేవారి ‘జమాత్’ ఉన్నది. నమాజుకు కూడినవారూ జమాతే, పేటలో కష్టసుఖాలు చూసే పెద్దల కూటమీ జమాతే. గెమైండెకు అచ్చంగా అదే కొలత.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇంగ్లీషు సర్కారు జర్మను ఫాదరీలను శత్రుదేశస్థులుగా పట్టి నిర్బంధంలో పెట్టి, తరువాత దేశం దాటించింది. బాసెల్ మిషనువారి పెంకుల కార్ఖానాలు చేయి మారాయి. దొరలు పోయారు, డబ్బు ఆగింది. మరి సంఘాలు పోయాయా? పోలేదు. సూళ్ళూరుపేట దగ్గరి పల్లెలో ఆదివారం కూడేవారు మళ్ళీ ఆదివారం కూడారు. లూథరు మాటకు నాలుగు వందల ఏళ్ళ తరువాత దొరికిన రుజువు ఇది. మేము ఆ మతస్థులము కాకపోయినా ఈ మాట చెప్పకుండా ఉండలేము.

ఆ పల్లెల్లో కూడినవారు ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. ‘ఊరు’ అనే మాటలోనే వారికి చోటు లేకపోయింది. ‘ఊరూ వాడా’ అని మనం పక్కపక్కన పలుకుతాము గాని, ఊరు వేరు, వాడ వేరు. ఊరంతా పిలుపు అన్నప్పుడు వాడ అందులో ఉన్నదో లేదో పిలిచినవాడికే తెలియదు. ఊరుమ్మడి చెరువులో వాడవారి కడవ ముంచనివ్వని ఊళ్ళు ఎన్ని ఉండేవో మన తాతలకు తెలుసు. అటువంటివారు ఒక కప్పు కింద కూర్చుని, మేమే సంఘం, ఈ పుస్తకం మాది, ఈ లెక్క మాది అని మొదటిసారి అనగలిగారు. అంతమాత్రాన కులం బయటనే నిలబడిపోయిందని కాదు. అదీ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్న తగవులు సంఘాలలో నడిచాయి. లైస్నిగ్ పెట్టెకు అడ్డుపడ్డవారి బంధువులే వీరు!

సంఘం అనే మాట మన జిల్లాకు ఫాదరీలతో వచ్చిందనుకుంటే పొరపాటు. మస్కి అందరూ చూసిన ఊరే. సింధనూరు నుంచి లింగసుగూరు పోయే బస్సు ఆగే చోటు. అక్కడి గుట్టమీద ఒక బండకు చెక్కిన అశోకుని శాసనాన్ని బంగారం గనులకోసం వెదకుతున్న బీడన్ అనే ఇంజనీరు 1915లో కనిపెట్టాడు. దేవానాంప్రియుడు అంటే అశోకుడేనని ఆ రాజు పేరుతో సహా మొదట తేల్చినది ఆ బండే గనుక దానికి ప్రపంచ ఖ్యాతి వచ్చింది. బడి పుస్తకాలలో అంతవరకే చెబుతారు. మిగిలినది మేము చెబుతాము. ఆ శాసనంలో సంఘం అనే మాట ఉన్నది. తాను బుద్ధుని అనుయాయినై సంఘాన్ని చేరి పట్టుదలతో ఉన్నానని రాజు చెప్పుకున్నాడు. చక్రవర్తి తానుగా వెళ్ళి చేరిన సంఘం అది. సంఘం వచ్చి ఆయన దర్బారులో చేరలేదు. ఆ ధర్మఫలం గొప్పవారికే దొరుకుతుందనుకోవద్దు, నిష్ఠ ఉంటే చిన్నవాడూ పొందగలడు, ఈ సంగతి చిన్నలకూ పెద్దలకూ కూడా చెప్పండి అని తరువాతి పంక్తుల సారాంశం. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో, మనం ఇవాళ వరి పండిస్తున్న నేలకు కూతవేటు దూరంలో, చిన్నవాణ్ణి వదలకండి అని రాతిమీద వ్రాయవలసి వచ్చిందంటే, అప్పుడూ వదలుతూనే ఉన్నారని అర్థం.

చిన్నవాణ్ణి వదలడం ఎంత దూరం పోతుందో చూపినది మళ్ళీ జర్మనీయే. గెమైండెకు తోబుట్టువు ‘గెమైన్‌షాఫ్ట్’ అనే మాట. కలిసి బ్రతకడం అని అర్థం. హిట్లరు పక్షంవారు దానికి ‘ఫోల్క్’ అనే మాట తగిలించి, ఒకే రక్తం గల జనసమాజం అని ఊరూరా చాటారు. వినడానికి ఎంతో కమ్మగా ఉండే మాట. అది ఎవరినైతే కలపదో వారిని తుడిచిపెట్టడానికి పనికివచ్చింది. జర్మనీలోని యూదులు కూడా తమ మతసమాజాన్ని గెమైండె అనే పిలుచుకునేవారు. 1933లో వారు దాదాపు ఐదు లక్షలమంది. 1935లో వారి పౌరసత్వ హక్కులు తీసేశారు. 1938 నవంబరులో వారి మందిరాలు తగలబెట్టారు. ఆ తరువాతి కథ లోకమెరిగినదే. యుద్ధం ముగిసినాక మిగిలిన కొద్దిమంది, బయటనుంచి వచ్చినవారు కలిసి మళ్ళీ గెమైండెలు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ దేశంలో నూరు దాకా యూదు గెమైండెలు ఉన్నాయి. అదే మాట, అదే దేశం.

ఇంత ఘోరం కాకపోయినా, మంచివారు కూడా పక్కవారిని లెక్కలో మరచిపోతారు. స్విట్జర్లండులో అప్పెన్‌ట్సెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రం ఉన్నది. ఏడాదికొకసారి పౌరులందరూ ఊరి మైదానంలో నిలబడి చేతులెత్తి చట్టాలు చేస్తారు. దానిని ‘లాండ్స్‌గెమైండె’ అంటారు. వందల ఏళ్ళుగా మగవారు నడుముకు కత్తి కట్టుకుని వచ్చేవారు, అదే ఓటు చీటి. ఆడవారికి ఓటు ఇద్దామా అని అడిగితే 1990లో కూడా మైదానం వద్దన్నది. ఆ ఏడే దేశపు ఉన్నత న్యాయస్థానం కలుగజేసుకుని ఇవ్వక తప్పదని తీర్పు చెప్పింది. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లనిపించుకున్న చోట సగం ఊరు అంతకాలం చెట్టుకింద నిలబడి చూసింది. మన కుర్రవాని సంగతే చూడండి. ఆ ఊరి గెమైండెలో పేరు నమోదైనది, పార్టుటైము పనికి వెళ్ళినప్పుడు వచ్చేది పన్నుకు లోబడినదే. ఐరోపా కూటమి దేశాలవారికైతే ఊరి ఎన్నికలలో ఓటు ఉన్నది, ఇండియావానికి లేదు. ఏథెన్సు మెటిక్ ఇంకా బ్రతికే ఉన్నాడు. ముసలమ్మ కాఫీకి పిలిచింది గనుక వాడు ఆ గెమైండెలో ఉన్నాడా లేడా అన్నది మీరే ఆలోచించండి. అన్నట్టు, ఆ దేశంలో చర్చి సభ్యుల చందాను సర్కారే ఆదాయపు పన్నుతో పాటు, ఆ పన్ను మీద నూటికి ఎనిమిదో తొమ్మిదో చొప్పున, వసూలు చేసి పెడుతుంది. మన కోశాధికారిగారు ఈ సంగతి విని నిట్టూర్చారు.

ఇప్పుడు మన సంఘం. తుంగభద్ర ఆనకట్ట నీళ్ళు 1953 నుంచి పారడం మొదలైన తరువాత, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఎడమ కాలువ కింద నల్లరేగడి కొని, డేరాలు వేసి, ముళ్ళచెట్లు కొట్టి, క్యాంపులు కట్టుకున్నారు. ఆ రోజులలో ఎవరింట జ్వరం వస్తే అందరిదీ, ఎవరి ఎడ్లు తప్పిపోతే అందరూ వెదికినవే. ఆనాటివారికి నియమావళి లేదు, రసీదు పుస్తకం లేదు, గెమైండె ఉండేది. 1956 నవంబరు 1 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది, తరువాత మైసూరు రాష్ట్రమైనది, 1973లో కర్ణాటక అయినది. మనం కదలకపోయినా రాష్ట్రాలు మన కింద కదిలాయి. 2014లో తెలంగాణ వేరైన తరువాత, గద్వాల, మక్తల్ వారు ‘ఆంధ్ర’ అన్న బోర్డు కింద కూర్చోవడానికి సందేహిస్తున్నారు. రాయచూరులో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. వారు వలసవచ్చినవారు కారు గనుక మన పట్టికలో లేరు. నాట్లకు, పత్తి తీతకు పాలమూరు వైపు నుంచి, కర్నూలు వైపు నుంచి వచ్చి నెలల తరబడి కాలువ గట్టున ఉండేవారు తెలుగువారు కారా? పండుగనాడు వారి పిల్లలు పందిరి బయట నిలబడితే మనవారే పిలిచి పచ్చడి పెడతారు. అది మంచిదే. కాని పచ్చడి పెట్టడం వేరు, పట్టికలో పేరు వ్రాయడం వేరు.

మన నియమావళిలో నాలుగో నియమం ప్రకారం సభ్యత్వం ‘కుటుంబ యజమాని’ పేరిట. ఆ పచ్చడి చేసిన తల్లుల పేర్లు కూడా ఆ లెక్కన మన పుస్తకంలో లేవు. క్రిందటేడు సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి లేచింది. చందా కట్టనివారికి ఓటు ఇస్తే పొలం గలవారి డబ్బుకు రక్షణ ఏమిటని ఒక పెద్దమనిషి అడిగారు. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. ఆయన మొదటి పందిరికి తన ఇంటి వాసాలు తెచ్చి ఇచ్చినవారు. మేము లైస్నిగ్ వారి నాలుగు తాళాల సంగతి చెప్పాము. ఆయన కాసేపు ఊరుకుని, తాళాలు నాలుగైతే పెట్టె తెరవడానికి సింధనూరు నుంచి ఒకరు, మాన్వి నుంచి ఒకరు రావాలి గదా, బస్సు ఛార్జీ ఎవరిస్తారు అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. చర్చ అంతటితో ఆగిపోయినది.

ఉగాది వెళ్ళిన తరువాత వచ్చే రెండో ఆదివారం సమావేశంలో నాలుగో నియమం సవరణ మళ్ళీ చర్చకు ఉన్నది. ఇంట్లో వయసు వచ్చిన ప్రతివారి పేరూ వ్రాయాలని, కాలువ పనులకు వచ్చేవారికి సగం చందాతో సభ్యత్వం ఇవ్వాలని, పేరులోని ‘ఆంధ్ర’ను ‘తెలుగు’ చేయాలని ముగ్గురు సభ్యులు మూడు తీర్మానాలు పంపారు. ఫారాలు పాతవే, ‘కుటుంబ యజమాని’ అన్న గడి ఒక్కటే ఉన్నది. మూడు క్యాంపులనుంచి వచ్చిన ఫారాలలో ఆ మాట కొట్టివేసి ఇంటిల్లిపాది పేర్లూ సన్నని అక్షరాలలో వ్రాసి పంపారు. ఒకదానిలో నాట్లకు వచ్చి వారి కొట్టంలో ఉంటున్న దంపతుల పేర్లు కూడా ఉన్నాయి. చోటు చాలనివారు కాగితం వెనకవైపున వ్రాయవచ్చును. కార్యదర్శిగారు వాటినీ తీసుకుంటున్నారు.